నేలను విడవని చక్రం: వ్యవసాయ బాటలపై ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల సస్పెన్షన్ నమ్యత

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే వాహనం ఎటువంటి దారినైనా దాటగలదన్న నమ్మకం రైతులలో బలంగా ఉంది. వాస్తవానికి ఇటువంటి వాహనాలు దారిలో ఆగిపోయేది చాలా సందర్భాలలో శక్తి చాలక కాదు. తొలకరి తరువాత నల్లరేగడి డొంక దారిని గమనిస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఒకవైపు ట్రాక్టరు చక్రాలు లోతుగా కోసిన గాడి, మరొకవైపు పొలం గట్టు ఉన్న చోట జీపు ముందు ఎడమ చక్రం గట్టెక్కగానే ముందు కుడి చక్రమూ, వెనుక ఎడమ చక్రమూ తేలికపడతాయి. కొద్ది క్షణాలలో ఆ రెండూ గిరగిర తిరగడం మొదలుపెడతాయి. బరువంతా మోస్తున్న మిగిలిన రెండు చక్రాలు మాత్రం కదలకుండా నిలిచిపోతాయి.

ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ స్వభావమే ఇందుకు కారణం. మలుపులో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలు కల్పించే ఈ గేర్ల అమరిక రెండు వైపులకూ దాదాపు సమానమైన టార్కును మాత్రమే పంపగలదు. గాలిలోనున్న చక్రాన్ని తిప్పడానికి అతి స్వల్పమైన టార్కు చాలు కనుక నేలపైనున్న చక్రానికీ అంతే దక్కుతుంది. ఇంజను సామర్థ్యం ఎంత పెరిగినా ఈ లెక్క మారదు. ఎదురు మూలలలోని రెండు చక్రాలు ఒకేసారి నేలను విడిచిన క్షణంలో, ప్రత్యేక ఏర్పాటు లేని ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం రెండు చక్రాల వాహనం కన్నా ఏ విధంగానూ మెరుగు కాదు.

కాబట్టి ఎత్తుపల్లాల నేలపై వాహనానికి కావలసిన మొదటి గుణం నాలుగు చక్రాలనూ నేలకు ఆనించి ఉంచగలగడం, ఆనించడమే కాక ప్రతి చక్రం మీదా తగినంత బరువు నిలపగలగడం. ఈ గుణాన్నే సస్పెన్షన్ నమ్యత అనవచ్చు. వాహనాన్ని ఎత్తు పెంచడంతో దీనిని ముడిపెట్టడం సర్వత్రా కనిపించే పొరపాటు. ఎత్తు పెంచినంత మాత్రాన నమ్యత పెరగదు. కొన్ని పద్ధతులలో ఎత్తు పెంచితే ఉన్న నమ్యత కూడా తగ్గుతుంది.

ముక్కాలిపీట, నులక మంచం

మూడు కాళ్ళ పీట ఎంత ఎగుడుదిగుడు నేలపైనైనా కుదురుగా నిలుస్తుంది. నాలుగు కాళ్ళ గట్టి బల్ల అలా నిలవదు. ఎప్పుడూ ఒక కాలు తేలి ఊగుతుంది. అదే వాకిట్లో వేసిన పాత నులక మంచం నాలుగు కోళ్ళనూ నేలకు ఆనించుకుంటుంది. దాని పట్టెలకూ కోళ్ళకూ మధ్యనున్న అతుకులు వదులై, చట్రం కొద్దిగా మెలి తిరగగలగడమే ఇందుకు కారణం.

వ్యవసాయ ట్రాక్టరు ముక్కాలిపీట పద్ధతిని అనుసరిస్తుంది. దాని ముందు ఇరుసు నడుమ ఒక పిన్నుపై వేలాడుతూ తక్కెడ కాడలా అటూ ఇటూ ఒరుగుతుంది. వెనుక రెండు చక్రాలు రెండు కాళ్ళు, ముందు ఇరుసు మధ్యనున్న పిన్ను మూడో కాలు. ట్రాక్టరుకు సాధారణంగా స్ప్రింగులు లేకపోయినా నాలుగు చక్రాలూ నేలపైనే ఉండడానికి ఈ ఒక్క పిన్నే ఆధారం. అయితే ఈ ఏర్పాటులో యంత్రాన్ని పక్కకు ఒరగకుండా ఆపే బాధ్యత అంతా వెనుక ఇరుసుపైనే పడుతుంది. నెమ్మదిగా నడిచే ట్రాక్టరుకు సరిపోయే ఈ పద్ధతి రోడ్డుపై గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోవలసిన జీపుకు పనికిరాదు. జీపు రెండు ఇరుసుల వద్దా స్ప్రింగుల సాయంతో మెలి తిరగాలి, అంటే నులక మంచంలా పనిచేయాలి.

1948లో వచ్చిన మూడు సమాధానాలు

ఈ సమస్య మూలాలు వ్యవసాయంలోనే ఉన్నాయన్నది గమనించదగిన విషయం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, ఐరోపాలో రైతును దృష్టిలో ఉంచుకొని రూపొందిన మూడు వాహనాలు 1948లోనే ప్రజల ముందుకు వచ్చాయి. మూడూ ఎగుడుదిగుడు నేలకు మూడు వేర్వేరు సమాధానాలు చెప్పాయి.

బ్రిటన్‌లో రోవర్ సంస్థ ఇంజనీరు మారిస్ విల్క్స్ ఆంగ్లసీ ద్వీపంలోని తన కమతంలో యుద్ధకాలపు విల్లీస్ జీపును వాడుతూ, దానికి బదులు మరొకటి దొరకదన్న ఆలోచన నుంచి ల్యాండ్ రోవర్‌ను రూపొందించాడు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో దానిని చూపారు. జీపులోలాగే దానిలోనూ ముందూ వెనుకా గట్టి ఇరుసులు, కమాన్ కట్టలు ఉండేవి. తయారీ తేలిక, మరమ్మతు తేలిక, బరువు మోయగల శక్తి అపారం. నమ్యత మాత్రం పరిమితం.

జర్మనీలో విమాన ఇంజన్ల రూపకల్పనలో పనిచేసిన ఆల్బర్ట్ ఫ్రెడ్రిక్ యూనిమాగ్‌ను రూపొందించాడు. బంగాళదుంప సాళ్ళు రెండింటిని చక్రాల మధ్య ఉంచుకొని పోయేలా దాని చక్రాల ఎడం 1270 మిల్లీమీటర్లుగా నిర్ణయించాడు. కమాన్ కట్టలకు బదులు పొడవైన కదలికనిచ్చే కాయిల్ స్ప్రింగులు వాడాడు. ఇరుసును చక్ర మధ్యం కన్నా పైకి ఎత్తి, చక్రం వద్ద గేర్లతో కలిపే పోర్టల్ పద్ధతి వల్ల ఇరుసు కింద నేలకు ఎడం పెరిగింది. తరువాతి యూనిమాగ్‌లలో చాసిస్ చట్రమే కొంత మెలి తిరిగేలా తయారైంది. నులక మంచం సూత్రం ఇంజనీరు చేతిలో పొందిన పరిపూర్ణ రూపాలలో దీనిని ఒకటిగా చెప్పవచ్చు.

మూడోది ఫ్రాన్స్ దేశపు సిత్రోయెన్ 2సీవీ. ఇది ఫోర్ వీల్ డ్రైవ్ కాదు, చిన్న కారు. దున్నిన చేను మీదుగా బుట్టెడు గుడ్లు పగలకుండా తీసుకుపోగలగాలన్నది దీని రూపకర్తల ముందున్న షరతు. ఇందుకోసం ఒకే వైపునున్న ముందు, వెనుక చక్రాల స్ప్రింగులను పరస్పరం కలిపారు. ముందు చక్రం పైకి లేస్తే అదే వైపు వెనుక చక్రం మీది స్ప్రింగు కిందికి నొక్కుతుంది. దీనివల్ల నేల మెలికలకు వాహనం చూపే ప్రతిఘటన బాగా తగ్గింది. ఖరీదైన లోహమేదీ వాడకుండా, స్ప్రింగులు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనేలా చేసి సాధించిన నమ్యత ఇది.

ఎంత గుంటకు చక్రం లేస్తుంది?

నమ్యతను అంచనా వేయడానికి చిన్న లెక్క చాలు. 1,600 కిలోల వాహనంలో బరువు నాలుగు చక్రాలపై సమానంగా పంచబడిందనుకుంటే ఒక్కో చక్రంపై 400 కిలోలు. చక్రం వద్ద స్ప్రింగును ఒక సెంటీమీటరు నొక్కడానికి 40 కిలోలు కావాలనుకుంటే, ఆ 400 కిలోల కింద స్ప్రింగు 10 సెంటీమీటర్లు కుంగి ఉంటుంది. ఈ 10 సెంటీమీటర్లే అసలు మూలధనం. చాసిస్ కదలకుండా చక్రం ఒక్కటే 10 సెంటీమీటర్లు కిందికి దిగేవరకు ఆ చక్రంపై కొంతైనా బరువు ఉంటుంది. ఆ తరువాత అది వేలాడుతుంది, పట్టు పోతుంది.

ఒక చక్రం మాత్రమే దిబ్బ ఎక్కినప్పుడు వాహన శరీరం కొంత లేచి, కొంత పక్కకు, కొంత వెనక్కు ఒరిగి ఎత్తును సర్దుకుంటుంది. సర్దుకోలేక మిగిలేది మెలిక. అది దిబ్బ ఎత్తులో నాలుగో వంతు చొప్పున నాలుగు స్ప్రింగులపై పడుతుంది. కాబట్టి పై వాహనంలో 40 సెంటీమీటర్ల దిబ్బ ఎక్కేవరకు మిగిలిన చక్రాలు నేలను విడవవు. ఎదురు మూలలలోని రెండు చక్రాలూ ఒకేసారి దిబ్బలు ఎక్కితే మెలిక రెట్టింపై, 20 సెంటీమీటర్లకే చక్రాలు లేస్తాయి. స్ప్రింగు రెండింతలు గట్టిదైతే ఈ అంకెలు 20, 10 సెంటీమీటర్లకు పడిపోతాయి. పొలం గట్టు సామాన్యంగా అంతకన్నా ఎత్తే ఉంటుంది.

గట్టి ఇరుసుకు ఇక్కడ ఒక వరం ఉంది. కమాన్ కట్టలు చక్రాల వద్ద కాక లోపలికి, చాసిస్ కిందికి ఉంటాయి. చక్రాల ఎడం 130 సెంటీమీటర్లు, కట్టల ఎడం 90 సెంటీమీటర్లు అయితే ఇరుసు ఒరిగేటప్పుడు స్ప్రింగుల ప్రతిఘటన ఆ నిష్పత్తి వర్గానికి, అంటే సుమారు సగానికి తగ్గుతుంది. పైగా ఒక చక్రం పైకి లేస్తే రెండో చక్రం తక్కెడలా కిందికి నొక్కబడుతుంది. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో ఈ సౌకర్యం లేదు. రోడ్డుపై సుఖం, స్టీరింగు నియంత్రణ ఇండిపెండెంట్ పద్ధతిలో మెరుగు. మన దేశంలో 1985లో వచ్చిన మారుతి జిప్సీ నాలుగు మూలలా కమాన్ కట్టలతో, 2023లో వచ్చిన జిమ్నీ రెండు గట్టి ఇరుసులకూ కాయిల్ స్ప్రింగులతో, 2020 నాటి మహీంద్రా థార్ ముందు ఇండిపెండెంట్, వెనుక గట్టి ఇరుసుతో తయారయ్యాయి. ఏ వాహనం దేనికోసం రాజీ పడిందో ఈ ఎంపికలే చెబుతాయి.

పై లెక్క ఆదర్శ స్థితికి చెందినది. నిజ వాహనంలో నమ్యతను దొంగిలించేవి వేరే ఉన్నాయి. పట్టీల మధ్య రాపిడి, బిగిసిన షాకిల్, పొట్టి షాక్ అబ్జార్బరు, యాంటీ రోల్ బారు వాటిలో ముఖ్యమైనవి. డబ్బు ఖర్చు చేసే ముందు వీటిని వెతకడం లాభదాయకం.

ఖర్చు లేకుండా తిరిగి వచ్చే నమ్యత

వ్యవసాయ పనులలో వాడిన జీపుల కమాన్ కట్టలలో పట్టీల మధ్య బురద చేరి, ఎండి, తుప్పుతో కలిసి బంకలా పట్టేస్తుంది. అప్పుడు అయిదారు పట్టీలు విడివిడిగా జారవలసింది పోయి ఒకే దిమ్మెలా పనిచేస్తాయి. చిన్న మెలికలకు అటువంటి కట్ట అసలు స్పందించదు. కట్టను విప్పి, పట్టీలను శుభ్రపరచి, తుప్పు తీసి, అరిగిన చోట్లను పరిశీలించి తిరిగి అమర్చితే వచ్చే తేడా కొత్త స్ప్రింగులు వేసినంతగా ఉంటుంది. పట్టీల కొసల వద్ద రాపిడి తగ్గించే ప్లాస్టిక్ ముక్కలు ఉన్న కట్టలకు నూనె, గ్రీజు పూయకూడదు. అవి లేని పాత పద్ధతి కట్టలకు గ్రాఫైట్ గ్రీజు వాడుక ఉంది. రబ్బరు బుష్షులకు నూనె తగిలితే అవి ఉబ్బి పాడవుతాయి.

కమాన్ కట్ట నొక్కబడినప్పుడు నిటారై పొడవు పెరుగుతుంది. ఆ పొడవుకు చోటిచ్చేది కొసనున్న షాకిల్. షాకిల్ పిన్ను తుప్పుపట్టి బిగిస్తే కట్ట ఎంత మంచిదైనా కదలదు. గ్రీజు నిపిల్ ఉన్న చోట వారానికోసారి గ్రీజు పట్టించడం అతి చౌకైన సస్పెన్షన్ అభివృద్ధి పథకం. రబ్బరు బుష్షులున్న చోట మరొక జాగ్రత్త అవసరం. బోల్టులను వాహనం జాకీపై వేలాడుతున్నప్పుడు గట్టిగా బిగిస్తే, నేలకు దించగానే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోతుంది. అది కదలికను అడ్డుకుంటుంది, త్వరగా చినుగుతుంది. వాహనం పూర్తి బరువు చక్రాలపై పడిన తరువాతే చివరి బిగింపు ఇవ్వాలి. మెకానిక్కులు ఎక్కువగా మరిచే పని ఇదే. మన్నిక కోసం రబ్బరుకు బదులు గట్టి పాలీయురితేన్ బుష్షులు వేయించుకొనేవారు, అవి మెలిక తిరగడంలో రబ్బరు అంత ఉదారంగా ఉండవని తెలుసుకోవాలి.

టైరు కూడా స్ప్రింగే. రోడ్డుపై 30 పీఎస్ఐ ఉండే గాలిని డొంక దారిలో 20 పీఎస్ఐ వరకు దించితే టైరు రాళ్ళను, గాడి అంచులను తనలో ఇముడ్చుకుంటుంది, నేలపై ఆనే వైశాల్యం పెరుగుతుంది, చేనులో నేల గట్టిపడడం తగ్గుతుంది. వేగం బాగా తగ్గించాలి, బరువు ఎక్కువగా ఉంటే ఇంత దించకూడదు, తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపాలి. పంపు వెంట లేనివారు ఈ పని చేయకపోవడమే మంచిది.

యాంటీ రోల్ బారు మలుపులలో వాహనం ఒరగకుండా ఇరుసు రెండు కొసలనూ కలిపి బంధిస్తుంది. రోడ్డుపై ప్రాణరక్షకమైన ఈ కడ్డీ డొంక దారిలో నమ్యతకు మొదటి శత్రువు. కొన్ని విదేశీ వాహనాలలో దీనిని మీట నొక్కి విడదీసే ఏర్పాటు కంపెనీయే ఇస్తుంది. అటువంటి ఏర్పాటు లేనిచోట లింకును విప్పి వదిలేసి రోడ్డుపై తిరగడం ప్రమాదకరం.

బరువు మోయాలా, వంగాలా?

క్రీడ కోసం కొండలెక్కే వాహనానికీ, రైతు వాహనానికీ తేడా వచ్చేది ఇక్కడే. ఉదయం ఖాళీగా పొలానికి పోయిన వాహనం సాయంత్రం ఎరువుల బస్తాలో, మిరప టిక్కీలో వేసుకొని వస్తుంది. వంగే గుణం మెత్తని స్ప్రింగును కోరుతుంది, బరువు గట్టి స్ప్రింగును కోరుతుంది.

ఒక పికప్‌లో వెనుక ఒక్కో స్ప్రింగు సెంటీమీటరుకు 60 కిలోలు మోస్తుందనుకుందాం. వెనుక ఇరుసుపై 600 కిలోల సరుకు వేస్తే స్ప్రింగు 5 సెంటీమీటర్లు దిగుతుంది. నమ్యత కోసం స్ప్రింగును సగం మెత్తన చేస్తే అదే సరుకుకు 10 సెంటీమీటర్లు దిగుతుంది. ఖాళీ వాహనంలో ఇరుసుకూ, చాసిస్ కిందనున్న రబ్బరు దిమ్మెకూ మధ్య ఎడం 14 సెంటీమీటర్లయితే, మొదటి వాహనానికి 9, రెండోదానికి 4 సెంటీమీటర్లు మాత్రమే మిగులుతాయి. ఆ నాలుగు సెంటీమీటర్లూ అయిపోగానే ప్రతి గుంటలోనూ ఇరుసు దిమ్మెను కొడుతుంది. చాసిస్‌కు పగుళ్ళు, కట్టకు విరుపు తప్పవు.

పట్టీలు తీసేయించి మెత్తన చేయించడం పల్లెల్లోనూ కనిపించే పద్ధతి. ఒకే మందం ఉన్న ఆరు పట్టీలలో రెండు తీస్తే గట్టిదనం మూడో వంతు తగ్గుతుంది. కానీ అదే బరువు నాలుగు పట్టీలపై పడి ఒక్కో పట్టీలో ఒత్తిడి ఒకటిన్నర రెట్లవుతుంది. పట్టీ మందం పదో వంతు తగ్గిస్తే గట్టిదనం 27 శాతం తగ్గుతుంది, ఒత్తిడి 23 శాతం పెరుగుతుంది. అదే కట్ట పొడవును పదో వంతు పెంచితే గట్టిదనం 25 శాతం తగ్గుతుంది, ఒత్తిడి మాత్రం 10 శాతమే పెరుగుతుంది. గట్టిదనం మందపు ఘనంతో పెరిగి, పొడవు ఘనంతో తగ్గుతుంది కనుక ఈ తేడా. నమ్యత, మన్నిక రెండూ కావాలంటే పొడవైన కట్టలే మార్గమని ఈ అంకెలు చెబుతున్నాయి. కొక్కేల స్థానం మార్చవలసి రావడం వల్ల ఆ పని కంపెనీ రూపకల్పన దశలో జరగాలి తప్ప ఊరి వర్క్‌షాపులో కాదు.

మధ్యలో మందంగా ఉండి కొసలకు పలచబడే పారాబోలిక్ పట్టీలు మరొక ఉపాయం. రెండు మూడు పట్టీలే ఉండి, వాటి మధ్య ఖాళీ ఉండడం వల్ల రాపిడి దాదాపు ఉండదు. పాత ల్యాండ్ రోవర్ల యజమానులు ఐరోపాలో ఎక్కువగా ఎంచుకొనే మార్పు ఇది. సరుకు పెరిగినప్పుడు మాత్రమే తగిలే సహాయక పట్టీ దీనికి తోడైతే ఖాళీ వాహనంలో మెత్తదనం, నిండు వాహనంలో బలం రెండూ కొంతమేరకు దక్కుతాయి.

ఈ చిక్కుముడికి చక్కని పరిష్కారం 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌లో కనిపిస్తుంది. దాని ఇంజనీర్లు గట్టి ఇరుసులను విడిచిపెట్టలేదు. కమాన్ కట్టలను మాత్రం తీసి, పొడవైన కదలికనిచ్చే మెత్తని కాయిల్ స్ప్రింగులు పెట్టారు. వెనుక ఇరుసును ఏ అక్షరం ఆకారపు చట్రంతో నడుమ ఒక్క బంతి కీలుపై నిలిపారు కనుక అది ట్రాక్టరు ముందు ఇరుసులా స్వేచ్ఛగా ఒరుగుతుంది. మెత్తని స్ప్రింగులు సరుకు కింద కుంగిపోకుండా, అదే నడిమి కీలు వద్ద బోగె సంస్థవారి స్వయం సమతలీకరణ స్ట్రట్‌ను అమర్చారు. గుంటల కుదుపులతో తనంత తానే ఒత్తిడి పెంచుకొని వెనుక భాగాన్ని మునుపటి ఎత్తుకు తెచ్చే పరికరమిది. స్ట్రట్ ఇరుసు నడుమ ఉండడం వల్ల బరువును మోస్తుంది కానీ ఇరుసు ఒరగడాన్ని అడ్డుకోదు. బరువు మోసే పనినీ, మెలిక తిరిగే పనినీ వేరుచేయడమే అసలు తెలివి. ల్యాండ్ రోవర్ కూడా 1983 నుంచి కమాన్ కట్టలు విడిచి కాయిల్ స్ప్రింగులకు మారింది.

కొలవడం ఎలా?

మార్పులు చేయించే ముందూ తరువాతా కొలతలు ఉండాలి. సమతల నేలపై వాహనాన్ని నిలిపి ప్రతి చక్రం వద్ద ఇరుసు మధ్యం నుంచి మడ్‌గార్డు అంచు వరకు కొలిచి రాసుకోవాలి. తరువాత చాసిస్ కింద జాకీ పెట్టి, స్టాండ్ల ఆసరాతో, చక్రం నేలను విడిచే క్షణం వరకు లేపి అదే కొలత తీసుకోవాలి. రెండింటి తేడా చక్రం కిందికి దిగగల దూరం. చక్రం లేచేసరికి షాక్ అబ్జార్బరు పూర్తిగా సాగిపోయి ఉంటే అడ్డంకి స్ప్రింగు కాదు, షాక్ అబ్జార్బరే. జాకీపై ఉన్న వాహనం కిందికి దూరరాదని వేరుగా చెప్పనక్కరలేదు. ఇరుసుకూ రబ్బరు దిమ్మెకూ మధ్య ఎడాన్ని ఖాళీగానూ, మామూలుగా వేసే సరుకుతోనూ రెండుసార్లు కొలవాలి.

ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న కొలత ర్యాంప్ ట్రావెల్ ఇండెక్స్. 20 డిగ్రీల వాలున్న ర్యాంపుపైకి ఒక ముందు చక్రాన్ని నెమ్మదిగా ఎక్కించి, వేరొక చక్రం నేలను విడవబోయే చోట ఆపుతారు. ర్యాంపుపై ఎక్కిన దూరాన్ని వాహనం ముందు వెనుక ఇరుసుల ఎడంతో భాగించి 1,000తో గుణిస్తారు. ఇరుసుల ఎడం 240 సెంటీమీటర్లు ఉన్న వాహనం 120 సెంటీమీటర్లు ఎక్కితే సూచిక 500. అప్పుడు ఆ చక్రం నేలకన్నా సుమారు 41 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈ సూచిక ఎక్కువగా ఉండడం మంచిదే. అయితే చక్రం నేలను తాకుతున్నదా అన్నదే ఇది చెబుతుంది, దానిపై ఎంత బరువుందో చెప్పదు. వేలాడే ఇరుసుతో పెద్ద అంకె సాధించిన వాహనం బురదలో జారిపోవచ్చు.

ఎత్తు అనే వ్యామోహం

స్ప్రింగుల కింద దిమ్మెలు, పొడవాటి షాకిళ్ళు వేయించి వాహనాన్ని లేపడం పట్టణ యువకులలో మొదలై పల్లెలకు పాకుతున్నది. షాకిల్‌ను 6 సెంటీమీటర్లు పొడిగిస్తే వాహనం లేచేది సుమారు 3 సెంటీమీటర్లే. ఆ కాస్త ఎత్తు కోసం ఇరుసు కోణం మారుతుంది. ముందు ఇరుసులో అయితే స్టీరింగు తనంత తాను నేరుగా రావడం తగ్గి రోడ్డుపై వాహనం అటూ ఇటూ తూలుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి క్రాస్‌లు త్వరగా అరుగుతాయి. పాత షాక్ అబ్జార్బరే ఉంచితే చక్రం కిందికి దిగగల దూరం మునుపటికన్నా తగ్గుతుంది. ఎత్తు పెరిగి నమ్యత తగ్గడమంటే ఇదే.

బోల్తా ప్రమాదం వీటన్నిటికన్నా పెద్దది. చక్రాల ఎడం 140 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న వాహనం లెక్క ప్రకారం 45 డిగ్రీల పక్కవాలు వరకు నిలుస్తుంది. ఆ కేంద్రం 6 సెంటీమీటర్లు పైకి పోతే హద్దు 43 డిగ్రీలకు దిగుతుంది. మెత్తని స్ప్రింగులపై శరీరం వాలు వైపుకే ఒరుగుతుంది కనుక నిజమైన హద్దు ఇంకా చాలా తక్కువ. చెరువు కట్టలపైనా, కాలువ గట్లపైనా ఒక చక్రం అంచు దిగినప్పుడు ఈ డిగ్రీలే ప్రాణాలను నిర్ణయిస్తాయి. వెనుక తొట్టిలో కూలీలు నిలబడి ఉంటే గురుత్వ కేంద్రం ఎంత పైకి పోతుందో ఏ లెక్కకూ అందదు. సరుకుల వాహనంలో మనుషులను ఎక్కించడం చట్టరీత్యా కూడా నేరమే.

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. అటువంటి మార్పు తరువాత ప్రమాదం జరిగితే బీమా పరిహారం కూడా వివాదంలో పడవచ్చు. కంపెనీ నిర్దేశించిన కొలతల కమాన్ కట్టలు, బుష్షులు, షాక్ అబ్జార్బర్లతో చేసే పునరుద్ధరణకు ఈ చిక్కు లేదు.

ఏది ముందు?

వ్యవసాయ వాహనానికి ఖర్చు పెట్టదలచినవారు మొదట కట్టలు, షాకిళ్ళు, బుష్షులను బాగుచేయించాలి. తరువాత దారికి తగిన టైర్లు. కొత్త వాహనం కొనేవారు డిఫరెన్షియల్ లాకు ఉన్న నమూనాను ఎంచుకోవడం మేలు. లాకు వేసినప్పుడు ఇరుసు రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి కనుక ఒకటి గాలిలో ఉన్నా రెండోది లాగుతుంది. నమ్యత ఆపిన చోట లాకు పని మొదలుపెడుతుంది. అయితే నాలుగు చక్రాలూ నేలపై ఉన్న వాహనం నిదానంగా, నేలను తక్కువగా చెరుపుతూ దాటుతుంది. లాకుపై ఆధారపడినది ఊగుతూ, గాడిని ఇంకా లోతు చేస్తూ దాటుతుంది. రేపు అదే దారిన పోవలసినది అదే రైతు. లాకును గట్టి రోడ్డుపైనా, మలుపులలోనూ వేసి ఉంచకూడదు.

సస్పెన్షన్‌లో ఏ పని జరిగినా వాహనం వర్క్‌షాపు నుంచి బయటికి వచ్చేముందు ఇరుసును రెండు వైపులా పూర్తిగా ఒరిగించి చూడాలి. బ్రేకు గొట్టాలు సాగి బిగుసుకుంటున్నాయా, టైరు మడ్‌గార్డును తాకుతున్నదా, ప్రొపెల్లర్ షాఫ్టు స్లిప్ జాయింటు తగినంత లోపలే ఉన్నదా, షాక్ అబ్జార్బరు పూర్తిగా ముడుచుకొనే ముందే రబ్బరు దిమ్మె తాకుతున్నదా అన్నవి అప్పుడే తెలుస్తాయి. కట్టలు విప్పిన ప్రతిసారీ కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక యూ బోల్టులను తిరిగి నిర్ణీత బిగింపుకు తేవాలి. ఇరుసును కట్టకు పట్టి ఉంచేవి అవే. అవి వదులైతే పట్టీలను కలిపే సెంటర్ బోల్టు తెగి, ఇరుసు పక్కకు జరుగుతుంది.